క్యాసెట్టు నుంచి ప్రవాహానికి: పాట ఎవరి చేతిలో ఉంది?

వస్తువు పోతే పోయింది, పాట ఉంది కదా అనే మాట ఈమధ్య సాహిత్య సభల్లో కూడా వినిపిస్తోంది. గ్రామఫోను ప్లేటు పోయింది, క్యాసెట్టు పోయింది, సీడీ కూడా పోయింది. అయినా ఘంటసాల గొంతు ఎక్కడికీ పోలేదు, సెల్‌ఫోను మీద వేలు పెడితే పలుకుతోంది, ఇంకేం కావాలి అన్నది ఈ వాదన సారాంశం. పైకి ఇది తిరుగులేని వాదనలాగే కనిపిస్తుంది. అయితే ఇందులో ఒక ప్రశ్న మాయమైంది. పాట ఉంది, నిజమే. ఎవరి దగ్గర ఉంది? వినేవాడి దగ్గర లేదు. రాసినవాడి దగ్గర లేదు. పాడినవాడి దగ్గర అంతకన్నా లేదు. మనం ఎన్నడూ చూడని, అడుగు పెట్టలేని కంపెనీ గిడ్డంగిలో ఉంది. నెలనెలా కిరాయి కట్టినంతకాలం, కంపెనీకి ఇష్టమైనంతకాలం వినిపిస్తుంది. పాటకూ ప్రజలకూ మధ్య ఉన్న సంబంధంలో ఇంత పెద్ద మార్పు వచ్చినప్పుడు దాన్ని యంత్రాల ముచ్చటగా భావించి వదిలేయడం రచయితలకు తగదని నా అభిప్రాయం.

ముందు ఈ స్ట్రీమింగ్ అనేది ఎలా పనిచేస్తుందో స్పష్టంగా తెలుసుకోవాలి. రేడియోలాగా ఇది అందరికీ ఒకేసారి పంపే ప్రసారం కాదు. క్యాసెట్టులాగా మన ఇంట్లో ఉండే వస్తువూ కాదు. పాట కంపెనీ యంత్రంలోనే ఉంటుంది. మనం అడిగినప్పుడు చిన్నచిన్న ముక్కలుగా తెగి వస్తుంది. వచ్చిన ముక్క వినిపించి చెరిగిపోతుంది. ‘డౌన్‌లోడ్’ చేసుకున్నాం కదా అనేవారు ఉన్నారు. అది తాళం వేసిన పెట్టెను మన ఇంట్లో పెట్టి తాళంచెవి కంపెనీ తన దగ్గర ఉంచుకోవడం వంటిది. చందా గడువు దాటితే పెట్టె మన ఇంట్లోనే ఉంటుంది, తెరుచుకోదు.

ఒక పుస్తకం కొన్నామనుకోండి. దానిలోని రచన మీద హక్కు రచయితదే, కాని ఆ ప్రతి మనది. చదివి మిత్రుడికి ఇవ్వవచ్చు, కోఠిలో పాత పుస్తకాలవాడికి అమ్మవచ్చు, చనిపోయేటప్పుడు గ్రంథాలయానికి రాసి ఇవ్వవచ్చు. మన చదువులన్నీ ఈ చేబదుళ్ల మీదనే సాగాయి. స్ట్రీమింగులో అమ్మకం లేదు, అనుమతి మాత్రమే ఉంది. అనుమతి ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. 2009 జులైలో అమెరికాలో అమెజాన్ కంపెనీ, జనం డబ్బిచ్చి కొనుక్కున్న రెండు పుస్తకాలను వాళ్ల చదువు యంత్రాల నుంచి రాత్రికి రాత్రే తొలగించింది. హక్కులు లేనివాళ్లు ఆ పుస్తకాలను అమ్మకానికి పెట్టారన్నది కంపెనీ చెప్పిన కారణం. ఆ రెండూ జార్జ్ ఆర్వెల్ రచనలు కావడం చరిత్ర చేసిన వెక్కిరింత. ఇలా ఇచ్చేది అమ్మకం కాదు, అనుమతి మాత్రమేనని కొనుగోలుదారుకు ముందే చెప్పి తీరాలని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేయవలసి వచ్చింది. అది 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. చెప్పి తీసుకోవడానికీ చెప్పకుండా తీసుకోవడానికీ ఉన్న తేడా ఏపాటిదో పాఠకులే ఆలోచించాలి.

ఇలా అన్నంత మాత్రాన పాత వస్తువుల కాలం స్వర్ణయుగమని నేను చెప్పబోవడం లేదు. అలా చెప్పేవాళ్లు పాటను ప్రేమించడం లేదు, తమ యవ్వనాన్ని ప్రేమిస్తున్నారు. గ్రామఫోను మన దేశానికి వచ్చిందే వలస పెట్టుబడి సరుకుగా. 1902లో గైస్‌బర్గ్ అనే కంపెనీ ఉద్యోగి కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి గాయనుల గొంతులు రికార్డు చేసుకుని వెళ్లాడు. ఆనాటి ప్లేట్లకు ముడిసరుకు లక్క. ఆ లక్కను మన అడవుల్లో ఆదివాసులు చెట్ల కొమ్మల నుంచి గీకి సేకరించేవారు. అది విదేశాలకు పోయి, ప్లేటుగా మారి, తిరిగి జమీందారు ఇంటి చావడిలోకి చేరేది. లక్క సేకరించినవాళ్లు ఆ ప్లేటు పాడగా విన్నారో లేదో ఏ చరిత్రకారుడూ రాయలేదు.

అయినా ఆ ప్లేటు సాహిత్యం మీద వేసిన ముద్ర మన విమర్శకులు పట్టించుకోవలసినంత లోతైనది. 78 చుట్ల ప్లేటు ఒక పక్క సుమారు మూడు నిమిషాలే పలుకుతుంది. రాత్రంతా సాగే నాటకం నుంచి పద్యాన్ని విడదీసి, రాగాలాపన కత్తిరించి, మూడు నిమిషాల్లో ముగించాలనే నిబంధన పెట్టింది ఛందశ్శాస్త్రం కాదు, ఆ లక్క బిళ్ల. పౌరాణిక నాటక పద్యం కథ నుంచి విడిపోయి స్వతంత్రంగా ఊళ్లలోకి వెళ్లిందంటే ఈ విడదీత ఒక ముఖ్య కారణం. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో రికార్డు కావడం మరో ఉదాహరణ. అక్షరం రానివాళ్లకు కూడా ఆ ఖండకావ్యం కంఠస్థమైంది. దాని భావజాలంతో మనకు పేచీ ఉండవచ్చు. పద్యాన్ని పుస్తకం దాటించిన పని మాత్రం ప్లేటు చేసింది.

ఆ రోజుల్లో ఏ గొంతు రికార్డు కావాలో నిర్ణయించినది ఒకటి రెండు కంపెనీలు. హెచ్.ఎం.వి. కుక్క బొమ్మ పడని పాట లోకానికి పాటే కాదు. ఒగ్గుకథ, శారదకథ, బతుకమ్మ పాట వాళ్ల దృష్టికి ఆనలేదు. ఆనినా సినిమా వేషం కట్టుకుని వచ్చినప్పుడే ఆనాయి. ఈ గుత్తాధిపత్యానికి గండి కొట్టింది క్యాసెట్టు. అందుకే భౌతిక రూపాలన్నిటినీ ఒకే గాటన కట్టడం తప్పు. ప్లేటుకూ క్యాసెట్టుకూ ఉన్న తేడా పరిమాణంలో లేదు, గుణంలో ఉంది. ప్లేటు వినడానికి మాత్రమే పనికొస్తుంది. క్యాసెట్టు వినడానికే కాదు, రాయడానికి కూడా పనికొస్తుంది. ఎర్ర మీట, దాని పక్క మీట కలిపి నొక్కితే ఎవరి గొంతైనా ఎక్కుతుంది. ఉత్పత్తి సాధనం వినేవాడి చేతికి రావడం మన సాంస్కృతిక రంగంలో అంతకుముందు అంత పెద్ద ఎత్తున జరగలేదు.

ఫిలిప్స్ కంపెనీ ఈ చిన్న క్యాసెట్టును 1963లో తెచ్చింది. మన ఊళ్లకు అది ముమ్మరంగా చేరింది 1980 దశకంలో. గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ కార్మికులు తిరిగి వస్తూ రెండు స్పీకర్ల టేప్ రికార్డర్లు తెచ్చారు. ఇంటికి ఉత్తరం రాయలేనివాళ్లు క్యాసెట్టులో మాట్లాడి పంపేవారు. ఉత్తర భారతంలో గుల్షన్ కుమార్ టి-సిరీస్ పేరుతో చవక క్యాసెట్లను కిరాణా కొట్ల దాకా తీసుకుపోయాడు. ఆయన వ్యాపార నీతి గురించి ఎన్ని చెప్పుకున్నా తక్కువే. అయినా సినిమా పాట ఏకచ్ఛత్రాధిపత్యాన్ని ఆ చవకదనం దెబ్బ తీసిందనీ, ప్రాంతీయ భాషల, కులాల, జాతరల పాటలకు అంగడి దొరికిందనీ పీటర్ మాన్యుయెల్ 1993లో వెలువరించిన ‘క్యాసెట్ కల్చర్’ గ్రంథంలో వివరంగా చూపించాడు. ఆయన చెప్పింది హిందీ ప్రాంతం గురించే అయినా కొమురవెల్లి జాతరలో మల్లన్న కథ క్యాసెట్లు కుప్పలు పోసి అమ్మిన దృశ్యం చూసినవారికి అది మన కథే అనిపిస్తుంది.

ఇక మన వైపు దీని అసలు ప్రాముఖ్యం ప్రజాపాటలో ఉంది. 1972లో ఆరంభమైన జననాట్యమండలి పాట తొలుత నోటి నుంచి నోటికి పోయింది. పాటల పుస్తకం వచ్చింది. కాని పుస్తకంలో బాణీ ఉండదు. బాణీ తెలియని ఊరిలో పాటల పుస్తకం పద్యాల పుస్తకమే. క్యాసెట్టు ఆ కొరత తీర్చింది. తూప్రాన్‌లో పుట్టి అల్వాల్‌లో కాపురమున్న గద్దర్ గొంతు, మేడ్చల్ తోవలో ఉన్న మా ఊళ్లకు మనిషి రాకముందే క్యాసెట్టుగా వచ్చింది. ఆయన 1985 నుంచి 1990 దాకా అజ్ఞాతంలో ఉన్నారు. మనిషి కనపడని ఆ కాలంలో కూడా పాట వినపడటం ఆగలేదు. ఒక క్యాసెట్టు నుంచి పది, పది నుంచి వంద. ప్రతి నకలులో బుసబుస శబ్దం కాస్త పెరిగేది, గొంతు కాస్త పలచబడేది. మా బంధువుల ఇంట్లో విన్న క్యాసెట్టులో డప్పు దూరంగా ఎక్కడో గుట్ట వెనుక మోగుతున్నట్టుండేది. ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆ శబ్దాన్ని బట్టే చెప్పేవారు.

ఆ క్యాసెట్లను పోలీసులు పట్టుకునేవారు, నిజమే. 1970 దశకం తొలినాళ్లలో ‘ఝంఝ’, ‘మార్చ్’, ‘లే’ కవితా సంకలనాలను ప్రభుత్వం నిషేధించినప్పుడు కూడా ప్రతులు పట్టుకున్నారు. వస్తువు ఉంది గనుకనే పట్టుకోవడం సాధ్యమైందని వాదించవచ్చు. అయితే పట్టుకోవడానికి ఇల్లిల్లూ తిరగాలి. ఒకటి దొరికితే ఇంకొకటి బియ్యం డబ్బాలో దాక్కుంటుంది. ఇవాళ అంత శ్రమ లేదు. 2023 డిసెంబరులో థియేటర్లకు వచ్చిన ‘అన్నపూరణి’ తమిళ సినిమాను ఫిర్యాదుల మీద 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ తీసేసింది. ఒక్క చోట తీస్తే లోకమంతటా లేకుండా పోయింది. ఏ ఇంటి తలుపూ తట్టవలసిన పని రాలేదు. ఆ సినిమా గొప్పదా కాదా అన్నది ఇక్కడ చర్చ కాదు.

కవిత్వానికి సంబంధించి ఒక ఉదాహరణ సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 1981లో లండన్ నుంచి డా. గూటాల కృష్ణమూర్తి విదేశాంధ్ర ప్రచురణల పక్షాన ‘మహాప్రస్థానం’ తెచ్చారు. అందులో అచ్చు అక్షరాలు లేవు, శ్రీశ్రీ సొంత దస్తూరీ ఉంది. దానికి జతగా ఆయనే చదివిన క్యాసెట్టు ఉంది. చేతిరాత, గొంతు, పుస్తకం మూడూ కలిపి ఒకే వస్తువు. రెండేళ్లకే, 1983 జూన్ 15న శ్రీశ్రీ మరణించారు. ఆ క్యాసెట్టు లేకపోతే మాత్రాఛందస్సును ఆయన ఎక్కడ తెంపి ఎక్కడ నిలిపారో మనం కాగితం మీది ఖాళీలను చూసి ఊహించుకోవలసి వచ్చేది. ఇవాళ ఆయన గొంతు ఇంటర్నెట్టులో దొరుకుతుంది. కాని ఏ రూపంలో దొరుకుతుంది? నేను విన్నవాటిలో కొన్నిటికి వెనుక తబలా, కీబోర్డు తగిలించారు. మండే జ్వాలల బొమ్మలు పెట్టారు. ఎప్పుడు చదివినది, ఎక్కడ చదివినది, ఎవరు రికార్డు చేసినది అనే వివరం ఒక్కదానికీ లేదు. గొంతు మిగిలింది, పత్రం పోయింది. పాఠ పరిష్కరణ గురించి తరగతి గదిలో గంటలకొద్దీ చెప్పే మనం, గొంతుకు కూడా పాఠ పరిష్కరణ అవసరమని ఇంకా గుర్తించలేదు.

క్యాసెట్టు డబ్బాలో మడతపెట్టిన ఒక అట్ట ఉండేది. ముందు బొమ్మ, వెనుక పాటల పట్టిక. ప్రతి పాట కింద రచన, సంగీతం, గానం. నా తరం వాళ్లం సినిమా కవుల పేర్లు నేర్చుకున్నది ఆ అట్టమీద. ఆత్రేయ పాట ఏది, ఆరుద్ర పాట ఏది, వేటూరి ఎక్కడ, సిరివెన్నెల ఎక్కడ అనే తర్కం మా హాస్టలులో అట్ట చేతపట్టుకుని జరిగేది. స్ట్రీమింగు తెర మీద ముందు కనిపించేది సినిమా పోస్టరు, హీరో ముఖం, గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు. రచయిత పేరు కోసం ఇంకో మూడు మీటలు నొక్కాలి. నొక్కినా ఉంటుందన్న భరోసా లేదు. బాలు, చిత్ర పేర్లు చెప్పగలిగిన విద్యార్థి అదే పాట రాసిందెవరంటే ముఖం చూస్తాడు. ఇది విద్యార్థి తప్పు కాదు. రాసినవాడి పేరు చెప్పకపోయినా అమ్ముడుపోయే విధంగా ఆ తెరను తయారు చేశారు.

దీనికి ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. ఉద్యమ పాటల క్యాసెట్ల మీద కూడా చాలాసార్లు వ్యక్తుల పేర్లు ఉండేవి కావు కదా? ఉండేవి కావు. పాట ప్రజలదనే విశ్వాసం ఒక కారణం. పేరు కనిపిస్తే ప్రాణానికే ముప్పు అనేది రెండో కారణం. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద ఆయన ఇంటి వద్దనే కాల్పులు జరిగాయి. ఆ రెండో కారణం ఎంత నిజమో దీన్ని బట్టి తెలుస్తుంది. ప్రజలకు ఇచ్చేయడానికి పేరు తీసేయడం వేరు, కంపెనీ లెక్కల్లో అక్కర్లేక పేరు రాలిపోవడం వేరు. రెండింటినీ అనామకత్వం అనే ఒకే మాటతో పిలవకూడదు.

తరువాతి మజిలీల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సీడీ వచ్చింది, వీసీడీ వచ్చింది, మోజర్‌బేర్ కంపెనీ చవక డిస్కులతో 2007 ప్రాంతంలో అంగళ్లు నింపి తానే దివాలా తీసింది. ఆ తరువాత కొన్నేళ్లు సెల్‌పాయింట్లవాళ్లు మెమొరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. 20 రూపాయలకు 200 పాటలు. ఎవరూ హక్కుల మాట ఎత్తని ఆ దశను దొంగతనమని తేల్చేయడం సులభం. కాని పల్లె యువకుడు తన అభిరుచితో తన పాటల పట్టిక చెప్పి ఎక్కించుకున్న చివరి రోజులవి. 2016 సెప్టెంబరులో జియో రావడంతో ఆ కొట్లు రీచార్జి కొట్లయ్యాయి. 2020లో తెలుగుకే పరిమితమై ‘ఆహా’ మొదలైంది. అదే ఏడాది కరోనా థియేటర్లను మూసింది. ఇంటిలో కూర్చుని చూడటం అలవాటైంది. ఆ అలవాటు కరోనా పోయినా పోలేదు.

బౌరంపేట్‌లో ఈ మార్పును ఒకే ఊరిలో చూడవచ్చు. ఒకప్పుడు ఇటు మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలు, వరిపొలాలు. ఔటర్ రింగురోడ్డు వచ్చాక పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు గేటు కట్టిన విల్లాలయ్యాయి. కొత్త ఇంటిలోకి మారేవాళ్లు, పాత ఇల్లు పడగొట్టేవాళ్లు మొదట పారేసేది క్యాసెట్లూ సీడీలే. పాత సామాన్లు కొనే బండివాడు వాటిని ప్లాస్టిక్కు కింద కిలోల్లెక్కన తూస్తాడు. డబ్బా పగిలిపోయిన క్యాసెట్టుకు వాడు ధర తగ్గిస్తాడు, ఎందుకంటే టేపు బండి చక్రానికి చుట్టుకుంటుంది. ఒక క్యాసెట్టును తరగతికి తీసుకుపోతే తొమ్మిదో తరగతి పిల్లవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇందుల పాట ఏడుంటది సార్?” అని అడిగాడు. మంచి ప్రశ్న. ఫోను చూపించి అదే ప్రశ్న వాణ్ణి తిరిగి అడిగాను. తరగతిలో సగం మంది ఫోనులోనే అన్నారు, కొందరు టవర్లో అన్నారు.

ఇక డబ్బు విషయం. క్యాసెట్టు కాలంలో కవికి న్యాయం జరిగిందా అంటే జరగలేదు. నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న సినిమా పాటకు తొలి హక్కుదారు నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్, పాడినవాడికి చట్టంలో ఏ హక్కూ లేకపోవడం గురించి విడిగా వ్యాఖ్యానించారు. గాయకులకు చట్టంలో చోటు దొరకడానికి 1994 దాకా పట్టింది. పాట రచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాను రాసిచ్చినా చెల్లదనే రక్షణ 2012 సవరణతో గాని రాలేదు. అంటే తెలుగు సినిమా కవుల్లో మహామహులు చాలామంది ఈ రక్షణ చూడకుండానే పోయారు. చట్టం వచ్చేనాటికి వస్తువు పోయింది.

స్ట్రీమింగులో పంపకం ఇలా ఉంటుంది. చందాదారులు కట్టిన సొమ్మంతా ఒక కుప్ప. అందులో కంపెనీ వాటా పోగా మిగిలినది, మొత్తం వినికిడిలో ఏ పాట వాటా ఎంతో ఆ నిష్పత్తిలో పంచుతారు. చూడటానికి న్యాయంగానే ఉంది. కాని ఆలోచించండి. నేను నెలంతా చుక్క సత్తయ్య ఒగ్గుకథ మాత్రమే విన్నాననుకుందాం. నా చందా ఆ కథ చెప్పినవారికి నేరుగా పోదు, కుప్పలో కలుస్తుంది. ఆ నెల కోట్లసార్లు మోగిన సినిమా పాట ఆ కుప్పలో సింహభాగం తీసుకుపోతుంది. అంటే ఒగ్గుకథ శ్రోత సినిమా పాటకు కప్పం కడుతున్నాడు. క్యాసెట్టు కొన్నప్పుడు నా 25 రూపాయలు కనీసం ఆ క్యాసెట్టు లెక్కలో పడేవి. ఇది చాలదన్నట్టు, గడిచిన 12 నెలల్లో 1000 సార్లయినా వినపడని పాటకు రికార్డింగు రాయల్టీ ఇవ్వబోమని స్పాటిఫై కంపెనీ 2024 నుంచి నియమం పెట్టింది. ఒక తండా పాట, ఒక చిందు భాగవతుల పాట ఏడాదికి 900 సార్లు విన్నారనుకోండి. అది తక్కువేమీ కాదు, ఆ కళాకారుడి ఊరి జనాభా కంటే ఎక్కువ కావచ్చు. కంపెనీ లెక్కలో అది సున్న. ప్రపంచమంతటా రికార్డు సంగీతం ఆదాయంలో 2023 నాటికి దాదాపు మూడింట రెండు వంతులు స్ట్రీమింగుదే. కాబట్టి ఈ సున్న చిన్న సున్న కాదు.

ఇక్కడ ఆగి రెండో వైపు కూడా చూడాలి, లేకపోతే మన విశ్లేషణ ఏకపక్షమవుతుంది. గత పది పన్నెండేళ్లలో తెలంగాణ జానపద పాట యూట్యూబ్ ద్వారా పొందిన విస్తృతి చిన్నది కాదు. ఏ సినిమా కంపెనీ గడప తొక్కని దళిత, బహుజన గాయనులు, కూలి ఇళ్ల ఆడపిల్లలు ఊరి చెరువు గట్టు మీద చిత్రీకరించిన పాటతో లక్షలాది శ్రోతలను సంపాదించారు. రికార్డింగు స్టూడియో కావాలి, పంపిణీదారు కావాలి, అట్ట అచ్చు వేయించాలి అనే అడ్డంకులు పోయాయి. క్యాసెట్టు చేసిన ప్రజాస్వామిక పనిని ఇది ఇంకో మెట్టు పైకి తీసుకుపోయిందని ఒప్పుకోకపోతే మనం గుడ్డివాళ్లం. అయితే వైరుధ్యం అక్కడే ఉంది. ఉత్పత్తి చేసే శక్తి ప్రజలకు దక్కింది. నిల్వ చేసే శక్తి, పంచే శక్తి, తీసేసే శక్తి మూడూ ఇంకొకరి చేతిలో గుత్తగా పడ్డాయి. పైగా ముందు ఎక్కించినవాడిదే హక్కు అన్నట్టు తయారైంది. తరతరాలుగా నాట్లలో పాడుకున్న పాటను ఒక చానెల్ తన పేర నమోదు చేసుకుంటే, అదే పాట పాడిన ముసలమ్మ వీడియోకు హక్కుల అభ్యంతరం రావచ్చు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో వాడుకున్న ఒక జానపద గీతం విషయంలో, అంతకుముందే దాన్ని టీవీ కార్యక్రమంలో పాడిన గాయని తన గుర్తింపు ఏమైందని అడిగింది. జానపదానికి కర్త లేడని పాఠాల్లో మనం చెప్పే సూత్రం మార్కెట్టులో ఎవరికి లాభిస్తున్నదో ఆలోచించాలి.

ఇంతకూ ఈ గిడ్డంగులు శాశ్వతమా? ఎయిర్‌టెల్ నడిపిన వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. రెస్సో అదే ఏడాది జనవరిలో మన దేశం నుంచి వెళ్లిపోయింది. శ్రోతలు ఏళ్ల తరబడి పేర్చుకున్న పట్టికలకు ఆ రెండు చోట్లా చోటు లేకుండా పోయింది. అమెరికాలో 2020లో నల్ల ప్లేట్ల అమ్మకాల విలువ సీడీలను దాటింది. అది సంపన్నుల అభిరుచి అని కొట్టిపారేయవచ్చు, కొంత నిజం కూడా. కాని చేతిలో ఏదో ఒకటి మిగలాలన్న ఆందోళన కూడా అందులో ఉంది.

వస్తువు కూడా శాశ్వతం కాదు. ఇది చెప్పకపోతే వస్తుపూజ అవుతుంది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటీ మిగల్లేదు. 2003 జనవరిలో పుణేలో నిల్వ చేసిన పాత నైట్రేట్ ఫిలిం అగ్నికి ఆహుతైంది. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ గ్రంథ సంపద తీవ్రంగా దెబ్బతిన్నది. టేపు మరీ అల్పాయుష్షు గలది. అయస్కాంతపు పొడిని ప్లాస్టిక్కుకు అంటించి ఉంచే జిగురు గాలిలోని తేమకు చెడిపోతుంది, బూజు పడుతుంది, పొడి రాలుతుంది. టేపు బాగున్నా వినిపించే యంత్రం దొరకదు. వీడియో క్యాసెట్ యంత్రాలు తయారుచేసే చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016లోనే ఉత్పత్తి ఆపేసింది. ప్రపంచంలోని టేపులను మామూలుగా వినిపించే వీలు 2025 దాటాక ఉండకపోవచ్చని యునెస్కో తరఫున నిపుణులు 2019లోనే హెచ్చరించారు. ఆ గడువు దాటిపోయింది.

కాబట్టి అసలు పోటీ వస్తువుకూ అంకెల రూపానికీ మధ్య లేదు. ఒక్క ప్రతికీ పది ప్రతులకూ మధ్య ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ప్రభుత్వం వేలాది పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించింది. తరువాత ఆ వెబ్‌సైటు మూతపడింది. అయినా ఆ పుస్తకాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే కారణం, అవి మూతపడక ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు నకళ్లుగా చేరడమే. బియ్యం డబ్బాలో దాచిన క్యాసెట్టు సూత్రమే ఇది. స్ట్రీమింగు ఒప్పుకోనిది సరిగ్గా ఈ నకలునే.

చట్టంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. మన గ్రంథాలయోద్యమ కార్యకర్తలకు కూడా అది అంతగా తెలిసినట్టు లేదు. 2012 సవరణ, కాపీరైటు చట్టం 52వ సెక్షనులో ఒక అంశం చేర్చింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, భద్రపరచడం కోసం ఒక రచనను ఎలక్ట్రానిక్ పద్ధతిలో నిల్వ చేసుకోవచ్చు. షరతు ఒక్కటే: ఆ రచన భౌతిక ప్రతి ఆ గ్రంథాలయం దగ్గర అప్పటికే ఉండాలి. చందా కట్టి విన్న పాటకు ఈ హక్కు వర్తించదు. అట్ట చిరిగిన క్యాసెట్టుకు వర్తిస్తుంది. బండివాడు కిలోల్లెక్కన తూస్తున్నది ఈ హక్కును కూడా.

అందుకని మా బడి పిల్లలూ నేనూ రెండేళ్లుగా బౌరంపేట్, దుండిగల్, గండిమైసమ్మ వైపు ఇళ్ల నుంచి క్యాసెట్లు పోగుచేస్తున్నాం; నకళ్లు తీశాక అసలు క్యాసెట్లను ఒక ప్రజా గ్రంథాలయానికి అప్పగించాలని ఆలోచన. 64 చేరాయి. సినిమా పాటలే ఎక్కువ, వాటి గురించి బెంగ లేదు. 11 మాత్రం ఇళ్లలో రికార్డు చేసుకున్నవి: ఒక పెళ్లిలో పాడిన అప్పగింతల పాట, తెలంగాణ ఉద్యమం నాటి ధూంధాం ఒకటి, దుబాయి నుంచి వచ్చిన రెండు మాటల క్యాసెట్లు, ఒక బాలింత పాట. ప్రతిదానికీ ఒక కార్డు రాస్తున్నాం: పాడినవారు, పాట కట్టినవారు తెలిస్తే వారి పేరు, ఊరు, ఏడు, ఎవరింటి నుంచి వచ్చింది, పేరు వెల్లడించడానికి వాళ్లకు సమ్మతమా కాదా. దుబాయి క్యాసెట్లు రెండింటికీ ఆ ఇంటివాళ్లు సమ్మతం కాదన్నారు. వాటిని వినకుండానే తిరిగి ఇచ్చేశాం. టేప్ రికార్డరుకు రబ్బరు బెల్టు కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది. హెడ్డు కోసం ఇంకా తిరుగుతున్నాం.